కల్లు సంగతి దాచకండి

నేను కోడీన్ దగ్గు మందును. నా మూలం గసగసాల చేలో ఉంది. మధ్యప్రదేశ్‌లోని నీమచ్, మంద్‌సౌర్ ప్రాంతాల్లో ప్రభుత్వ లైసెన్సుతో పండించే ఆ కాయలకు గాట్లు పెడితే కారే పాలే నల్లమందు. అందులోంచి నన్ను మొదట వేరుచేసినవాడు రోబికే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, 1832లో. ఇప్పుడు సీసాలో, ఎర్ర అంచు హెచ్చరిక అంటించుకుని ఉన్నాను. మందుల అమ్మకపు నిబంధనల్లో నాది షెడ్యూల్ హెచ్1 జాబితా. అమ్మినవాళ్లు రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాసి 3 ఏళ్లు ఉంచాలి.

మెదడులో దగ్గు పుట్టే చోటును నెమ్మదింపజేయడం నా పని. ఊపిరిని నడిపించే కేంద్రం కూడా ఆ దగ్గరలోనే ఉంది. మోతాదు మించినా, నాకు తోడు దొరికినా అదీ మందగిస్తుంది.

తోడంటే ఏమిటో ఒక తెలంగాణ పల్లెలో చూశాను. మెడికల్ షాపులో ఓ ముసలాయన చీటీ చాపాడు.

"కల్లు తాగుతవా తాతా?" అనడిగాడు షాపాయన.

"రోజూ తాగుత బిడ్డా. కల్లే గద, సారా గాదు గద!"

ఆ మాటే నాకు భయం. అక్కడ కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపామ్ బయటపడటం కొత్త కాదు. అవి నిద్రమాత్రల జాతివి. తాను ఏం మింగాడో తాగినవాడికే తెలియదు, ఇక డాక్టరుకు ఎలా తెలుస్తుంది? సాయంత్రం ఆ కల్లు, పడుకునే ముందు నేను. రెండూ కలిస్తే నిద్రలోనే ఊపిరి ఆగిపోవచ్చు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో నా జాతి మందులు, ఆ నిద్రమాత్రల జోడీ మీద తన అత్యంత కఠినమైన హెచ్చరిక పెట్టించింది. షాపాయన డాక్టరుకు ఫోన్ చేశాడు, మందు మారింది. ఆ ఒక్క ప్రశ్న అడిగినందుకు ఆయనకు దండం పెట్టాలనిపించింది.

కాలేయంలో నాలో కొంత భాగం మార్ఫిన్‌గా మారుతుంది. కొందరి ఒంట్లో పుట్టుకతోనే ఈ మార్పు మరీ జోరుగా సాగుతుంది, మామూలు మోతాదే వాళ్లకు విషమవుతుంది. 12 ఏళ్లలోపు పిల్లలకు నన్ను పట్టకూడదన్నది అందుకే. పాలిచ్చే తల్లి తాగితే పాలలో బిడ్డకూ చేరతాను. దగ్గుకు నాతోపాటు రాసే క్లారిత్రోమైసిన్ ఒంట్లో నా పరిమాణాన్ని పెంచుతుంది. దిగులుకు వాడే ఫ్లూఆక్సెటిన్ నేను మార్ఫిన్‌గా మారడాన్ని తగ్గిస్తుంది. మందు పనిచేయట్లేదని మనిషి ఇంకో మూత పోసుకుంటాడు.

ఉబ్బసం, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, తలకు దెబ్బ, మూత్రం ఆపే ప్రోస్టేట్ వాపు, తీరని మలబద్ధకం... వీటిలో ఏది ఉన్నా ముందే చెప్పాలి.

నన్ను తాగిన మనిషి పిలిచినా పలక్కపోతే, పెదవులు నీలమైతే వెంటనే 108కి ఫోన్ చేయండి, సీసా కూడా వెంట తీసుకెళ్లండి. నాకు విరుగుడు నాలోక్సోన్. అది కల్తీ కల్లులోని ఆల్ప్రాజోలం మీద పనిచేయదు. కాబట్టి కల్లు తాగిన సంగతి డాక్టరు దగ్గర దాచకండి.