మెతుకు తగలని ఉపవాసం

మాఘ బహుళ చతుర్దశి, అంటే మహాశివరాత్రి, తెలుగు నేల మీద రెండు బాధ్యతలకు గడువుగా స్థిరపడిన తిథి: ఆనాటితో చలి శివశివా అంటూ వెళ్ళిపోవాలి, ఆనాడంతా మనిషి తిండీ నిద్రా విడిచిపెట్టాలి. చలి తన మాటను ఇంచుమించుగా ఏటా నిలబెట్టుకుంటూనే ఉంది కనుక దాని మీద విచారణ అనవసరం. పరిశీలనకు నిలవవలసినది రెండో పక్షమే.

‘ఉప’ అంటే దగ్గర, ‘వాసం’ అంటే ఉండటం కాబట్టి ఉపవాసమంటే దేవుడికి దగ్గరగా ఉండటమని ప్రవచనకర్తలు ఏటా టీవీలో విడమరిచి చెబుతారు. ఎవరికి దగ్గరగా అన్నది పదంలో లేకపోవడం వల్ల ఏర్పడిన ఖాళీని తెలుగు గృహస్థు వంటింటితో పూరించుకున్నాడు. అంతమాత్రాన అతడిని నియమం తప్పినవాడిగా జమకట్టడం తొందరపాటు అవుతుంది, ఎందుకంటే తెలుగులో భోజనమంటే అన్నం, అన్నమంటే మెతుకు, ఆ మెతుకు తగలనంతవరకు కడుపు ఎంత నిండినా అది చట్టరీత్యా ఖాళీ కడుపే. పెళ్ళివారింట నాలుగు గారెలు, రెండు బొబ్బట్లు, వాటి మీద గ్లాసెడు కాఫీ పుచ్చుకున్న అతిథి సైతం ‘ఇంకా భోజనం కాలేదండి’ అని పూర్తి నిజాయితీతో చెప్పగలిగే భాషలో, ఉపవాసమనే మాటకు అన్నం మానడమనే అర్థం స్థిరపడటంలో ఆశ్చర్యం లేదు.

ఈ ధర్మసూక్ష్మానికి మూలాధారం ‘ఫలహారం’. సంస్కృతంలో ఫలాహారమంటే పండ్లు తినడం; అదే మాట తెలుగు నాలుక మీద పలహారమై, పండ్ల సంగతి క్రమేణా మరిచి, ఇడ్లీ, దోసె, ఉప్మాల దగ్గర కాపురం పెట్టింది. కాబట్టి ఉపవాసం ఉన్నవారు ఫలహారం చేయవచ్చునని శాస్త్రం పండ్లను ఉద్దేశించి ఇచ్చిన వెసులుబాటు, ఒక్క అక్షరం సవరించే పని లేకుండానే జీడిపప్పు ఉప్మాకు సంక్రమించింది. ఇడ్లీలో ఉన్నదీ బియ్యమే కదా అని ఎవరైనా ఆక్షేపిస్తే, రవ్వగా విరిగిన గింజ మెతుకు కాజాలదని ఇంట్లోని పెద్దావిడ తీర్పు చెబుతుంది. ఆ తీర్పు మీద అప్పీలు లేదు. సగ్గుబియ్యం కేసు ఇంతకంటె తేలికగా తేలిపోయింది, ఎందుకంటే పేరులో బియ్యం ఉన్నా అది కర్రపెండలం దుంప నుంచి తీసిన పిండితో చేసిన పూసే గనుక నిర్దోషి.

ఇలా నిర్దోషులుగా బయటపడిన పదార్థాల వంశవృక్షం మరీ చూడదగినది. శివరాత్రి పళ్ళెంలో కోస్తావారు చిలగడదుంప అనీ, సీమవారు గెనుసుగడ్డ అనీ, తెలంగాణవారు కందగడ్డ అనీ పిలిచే దుంప తొక్క చిట్లి ఆవిరి కక్కుతూ ఉంటుంది. పక్కన సగ్గుబియ్యం కిచిడీ, అందులో వేయించిన వేరుశనగ గుళ్ళు, పచ్చిమిరప చీలికలు, ఆ పైన జామకాయ, బొప్పాయి ముక్కలు. ఇవన్నీ అమెరికా ఖండాల పంటలు. 1492లో కొలంబస్ అటువైపు చేరాక, 1498లో వాస్కో డ గామా కాలికట్‌లో దిగాక, తర్వాతి కాలంలో ఐరోపా ఓడల రాకపోకల పుణ్యమా అని భారత తీరాలకు చేరినవి. పురాణకర్తలు కంటితోనైనా చూడని దుంపను నిషేధించి ఉండే అవకాశం లేదు, నిషేధించనిది అనుమతించినట్టేనన్నది వకీళ్ళకు తెలిసిన సంగతి. ఆ పళ్ళెంలో ప్రాచీనత్వం కలిగినది ఒక్క అరటిపండే. చివరిదాకా ఎవరూ ముట్టక మిగిలిపోయేదీ అదే.

తిండి ప్రశ్న ఇలా పరిష్కారమయ్యాక మిగిలేది జాగరణ, అంటే నాలుగు జాములూ మేలుకొని అభిషేకాలతో, స్మరణతో గడపడం. మెతుకు వంటి లొసుగు కనురెప్పకు లేనందువల్ల ఇక్కడ భాష సాయపడక, వినోదాన్ని ఆశ్రయించవలసి వచ్చింది. హరికథ విని, వైకుంఠపాళీ ఆడి తెల్లవార్చిన తరం తర్వాత, కలర్ టీవీని, వీసీపీని అద్దెకు తెచ్చి వరసగా మూడు సినిమాలు చూసిన తరం వచ్చింది. మూడింటిలో మొదటిది తప్పకుండా భక్తి సినిమా కావడం ఆ కాలపు నిష్ఠ. ఇప్పటి తరం ఏడాదిలో ఏ రాత్రయినా రెండింటిదాకా ఫోనులో రీల్స్ చూస్తూనే ఉంటుంది కనుక, ఆ మేలుకోవడమంతా పుణ్యం ఖాతాలో జమయితే యముడి కచేరీ మూతపడటం ఖాయం.

కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభలు, అంటే పదుల అడుగుల ఎత్తున కట్టి విద్యుద్దీపాలతో అలంకరించిన చట్రాలు, కొండ కింద వరసగా నిలబడి రాత్రిని పట్టపగలు చేస్తాయి. ఆ వెలుగులో, ఆ మైకుల హోరులో నిద్రపోవడానికే ఎక్కువ నిష్ఠ కావాలి. శ్రీశైలంలో వ్యవహారం దీనికి తలకిందులు. లింగోద్భవ కాలాన, అంటే శివుడు ఆద్యంతాలు లేని జ్యోతిస్తంభంగా వెలిశాడని చెప్పే అర్ధరాత్రి వేళ, అక్కడ దీపాలన్నీ ఆర్పేస్తారు. రోజుకో మూర చొప్పున ఏడాది పొడవునా నేసిన పాగాను ఒక నేతగాడు ఆ చీకట్లో, దిగంబరుడై, ఆలయ శిఖరం నుంచి చుడతాడు. ఏడాది చాకిరీ ముగిసిన క్షణాన ఒక్క సెల్ఫీకైనా వీలులేని ఆ భక్తి నేటి భక్తులకు ఎంతమాత్రం అంతుబట్టదు.

శివరాత్రి ఫలం ఎవరికి దక్కుతుందో తేల్చడానికి శ్రీనాథుడు కాశీఖండంలో తెలుగు చేసిన గుణనిధి కథను మించిన సాక్ష్యం లేదు. ఈ గుణనిధి జూదంలో ఇంటి సొమ్ము తగలేసి, తండ్రికి భయపడి పారిపోయి, ఆకలితో తిరుగుతూ, నైవేద్యం వాసన పట్టుకొని శివాలయంలో దూరాడు. ఆడి పాడి అలసిన భక్తులు నిద్రపోయారు, దొంగ మేలుకొని ఉన్నాడు. దీపం మసకబారి పళ్ళేలు కనబడకపోతే తన బట్ట చింపి వత్తి వేసి వెలుగు పెంచాడు. నైవేద్యం ఎత్తుకొని వస్తూ పడుకున్నవాడి మీద కాలు వేసి, కేకలకు వచ్చిన తలారుల చేతిలో, మెతుకు నోట పడకముందే ప్రాణం విడిచాడు. ఉపవాసం, జాగరణ, దీపారాధన మూడూ ఇలా పొరపాటున పూర్తి కావడంతో అతడు మరుజన్మలో కళింగ రాజై, చివరికి కుబేరుడయ్యాడు. శివదూతలు వెతుక్కుంటూ వచ్చింది అతడినే తప్ప, అభిషేకాలు ముగించి కునుకు తీసిన భక్తులను కాదు.

ఇదే కొలమానాన్ని ఇప్పటి ఇంటికి వర్తింపజేస్తే ఉపవాసం నిజంగా కుదిరేది ఒక్క ఇల్లాలికే. తెల్లవారుజామున లేచి దుంపలు ఉడకేసి, సగ్గుబియ్యం నానబెట్టి, మామగారికి ఉప్మా, ఉల్లి పనికిరాదన్న అత్తగారికి ఉల్లి లేని ఉప్మా, ఉపవాసం తన వల్ల కాదన్న పిల్లవాడికి విడిగా అన్నం వండి, మర్నాటి పారణకు, అంటే ఉపవాసం విడిచే భోజనానికి, గారెల పప్పు నానబోసేసరికి ఆమెకు తినే తీరిక మిగలదు. రాత్రి పదింటికి, హాల్లో రెండో సినిమా మొదలయ్యే వేళ, వంటింటి గోడకు చేరగిలబడి, చేతిలో తడి గుడ్డ అలాగే ఉండగా, ఆమె కన్ను మూతపడుతుంది. శివరాత్రి పూట నిద్రేమిటని ఇంటిల్లిపాదీ ఒక్క గొంతుతో మందలించి లేపి, ఎలాగూ లేచింది కదా అని, తలా ఒక గ్లాసు టీ పెట్టమంటారు; టీలో మెతుకు ఉండదు.