గచ్చు రుచి

నేను చంద్రగిరి కోటలో పుట్టాను. కూలిన గోడ మొదట్లో, సీతాఫలం ఆకులు చివికి మెత్తబడిన మట్టిలో మా అమ్మ గుడ్లు పెట్టి, గుంట పూడ్చి వెళ్లిపోయింది. ఆమెను నేను చూడలేదు. బయటపడ్డాక నా తొలి తిండి నా గుడ్డు పెంకే. అందులో ఉన్నది సున్నం. ఆ రోజు మొదలు నా బతుకంతా దాన్ని వెతుక్కోవడమే.

వీపున ఇల్లుంది, నత్తకేం లోటు అంటారు మనుషులు. వీపున ఉన్నది గుల్ల. సున్నం తినకపోతే అది పెరగదు, విరిగితే అతకదు. శేషాచలం కొండల్లో చాలావరకు గట్టి పలుగురాతి జాతి. అందులో సున్నం బహు తక్కువ. ఆ కొండల్లోని తలకోనలో 270 అడుగుల ఎత్తు నుంచి నీళ్లు పడతాయి, నీడకు కొదవ లేదు. అయినా సున్నం అందని చోట నత్త గుల్ల కాగితంలా పలచబడుతుంది. మా కోటలో ఎండ ఎక్కువ, తేమ తక్కువ. కానీ విజయనగర రాజుల కాలంలో ఇక్కడి రాజమహల్‌ను కలప లేకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. చుట్టుపక్కల పాడుబడ్డ గోడల నుంచి ఆ నాటి గచ్చు ఇంకా పొడిపొడిగా రాలుతూనే ఉంది. చీకటి పడ్డాక, మంచు దిగాక, దాని దగ్గరికి చేరతాను. నా నాలుక మీద వేల పళ్లున్నాయి, గీరుకుని తింటాను. రాజుల ఇంటి గచ్చు నా ఒంటి మీద గుల్లయింది. నాకున్న గర్వం అదొక్కటే.

వేసవిలో తిండి మాటే ఉండదు. రోహిణి ఎండలకు ముందే చోటు చూసుకోవాలి. ఉత్తరం వైపు రాతి పగులు దొరికితే అదృష్టం. లోపలికి ముడుచుకుని, గుల్ల నోటికి జిగురు పొర బిగించి, వాన దాకా కదలను.

ఒక ఏడు కోట బయట చింతతోపుకు వెళ్లాను. మోకాలి లోతు ఆకు, కింద చల్లటి మట్టి. అక్కడే ఉండిపోదామనుకున్నాను. మాఘంలో ఎవరో ఆకంతా ఊడ్చి కుప్పలేసి నిప్పు పెట్టారు. చెట్టెక్కి ఉన్నాను కాబట్టి బతికాను. కుప్పలో నిద్రపోతున్న మావాళ్ల గుల్లలు తెల్లగా కాలి మిగిలాయి. 2014 మార్చిలో తిరుమల కొండలు తగలబడితే మంటలార్పడానికి వాయుసేన హెలికాప్టర్లు వచ్చాయి. ఆకుకుప్ప కాలితే ఎవరూ రారు. మనుషులకు చెత్తగా కనిపించే ఆకుపొరే మాకు ఇల్లు, పైకప్పు, అన్నం. అది మళ్లీ పేరుకోవాలంటే ఎన్ని ఆకురాల్పు కాలాలు గడవాలో!

ఈ ఏడు ఆశ్వయుజంలోనే వాన పట్టింది. మాలో ఆడా మగా వేరు కాదు; ప్రతి నత్తా తల్లీ అవుతుంది, తండ్రీ అవుతుంది. నా గుడ్లకు చోటు వెతుకుతూ తిరిగి కూలిన గోడ దగ్గరికే వచ్చాను. పైన మట్టి ఆరింది, బొటనవేలంత లోతున తడి ఉంది. పక్కనే నిన్నటి వానకు రాలిన గచ్చు పెచ్చు పడి ఉంది. ఇక్కడే తవ్వుతున్నాను.