వెయ్యి రూపాయల పురావస్తువు

ఉద్యోగుల పింఛను పథకం (ఈపీఎస్-95) కింద నెలనెలా ఇచ్చే కనీస పింఛను పెంచుతారా అని పార్లమెంటులో మళ్లీ అడిగారు. నిధిలో లోటుందని కార్మిక శాఖ మళ్లీ రాసిచ్చింది. ప్రశ్న పాతదే, జవాబూ పాతదే, మధ్యలో కూర్చున్న ఆ వెయ్యి రూపాయలూ పాతవే.

2014 సెప్టెంబరు 1న పెట్టిన అంకె అది. ఆ తర్వాత లోకంలో కదలనిదంటూ లేదు. రాజాం శ్రీకాకుళం జిల్లాలోంచి లేచి విజయనగరం జిల్లాలో కూర్చుంది. సాలూరు ఏకంగా పార్వతీపురం మన్యం జిల్లాకు తరలిపోయింది. 2016 నవంబరు 8 రాత్రి వెయ్యి రూపాయల నోటే చచ్చిపోయింది. వెయ్యి రూపాయల పింఛను మాత్రం చెక్కు చెదరలేదు. దేశంలో ‘వెయ్యి’ అన్న మాట ఇంకా అచ్చంగా బతికున్న చోటు నెల్లిమర్ల జూట్ మిల్లు రిటైర్డు కార్మికుడి పాసు పుస్తకమే.

ఇంతటి ప్రాచీన సంపదను కార్మిక శాఖ చేతిలో ఉంచడం భావ్యం కాదు. పెంచండి, పెంచండి అని ఎవరో ఒకరు దాని మీద రాళ్లు విసురుతూనే ఉంటారు. ఏ బలహీన క్షణంలోనో ఏ మంత్రిగారో ఓ యాభై కలిపేస్తే చరిత్రకు ఎంత ద్రోహం! కాబట్టి ఈ వెయ్యిని తక్షణం భారత పురావస్తు సర్వేక్షణ సంస్థకు అప్పగించి, రక్షిత కట్టడంగా ప్రకటించాలి.

ఉత్తరాంధ్రకు ఇది కొత్తేమీ కాదు. శ్రీముఖలింగంలో గాంగుల కాలం నాటి ఆలయాలున్నాయి. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలున్నాయి. 1919లో వాటిని లోకానికి చూపినవాడు మన గిడుగు రామమూర్తి పంతులే. రామతీర్థం గురుభక్తుల కొండ మీద బౌద్ధారామం శిథిలాలున్నాయి. ఆ రామతీర్థం ఉన్నది నెల్లిమర్ల మండలంలోనే. కొండ మీద ఒక శిథిలం, కింద మిల్లు దగ్గర ఇంకొకటి. పర్యాటక శాఖకు ఖర్చు లేకుండా ఒకే టికెట్టు మీద రెండు చూపించవచ్చు.

చట్టం దగ్గర చిన్న చిక్కుంది. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం ప్రకారం కట్టడానికి కనీసం నూరేళ్ల వయసుండాలి. మన వెయ్యికి అంత వయసు రావాలంటే 2114 సెప్టెంబరు దాకా ఆగాలి. ఢిల్లీ పట్టుదల చూస్తే ఆగడానికి ఇబ్బంది లేదనే అనిపిస్తోంది. అయినా ఓ ఆర్డినెన్సుతో మినహాయింపు ఇచ్చేస్తే మంచిది, అందాకా పింఛనుదారులు ఆగరు కదా.

ఆ ఒక్కటీ తేలితే మిగతా చట్టమంతా ఈ వెయ్యి కోసమే రాసినట్టుంటుంది. 2010 సవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ వంద మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆ పైన రెండొందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. మీటర్ల చోట రూపాయలు పెట్టుకుంటే సరి. వెయ్యి నుంచి పదకొండొందల దాకా నిషిద్ధం, ఒక్క రూపాయి ఇటుక కూడా పేర్చకూడదు. పదకొండొందల నుంచి పదమూడొందల దాకా నియంత్రితం, అర్జీ పెట్టుకుంటే పరిశీలిస్తారు. 2013లో భగత్ సింగ్ కోశ్యారీ అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ కనీసం మూడు వేలు ఇవ్వమంది, కరువు భత్యం కూడా జోడించమంది. పురావస్తు స్పృహ లేని కమిటీ! ఇప్పుడు పింఛనుదారుల సంఘాలు అడుగుతున్న ఏడున్నర వేలైతే అపార్టుమెంటే. అది లేస్తే కట్టడం మీద నీడ పడుతుంది.

గేటు దగ్గర నీలం బోర్డు పెట్టాలి. ‘ఇది జాతీయ ప్రాముఖ్యం గల వెయ్యి రూపాయలు. దీన్ని పెంచినా, మార్చినా, ధరలతో పోల్చినా రెండేళ్ల జైలు లేదా లక్ష రూపాయల జరిమానా లేదా రెండూ.’ శిక్షలు చట్టంలో ఉన్నవే, కొత్తగా కల్పించనక్కర్లేదు. లక్ష జరిమానా పడితే పింఛనుదారుడు తన పింఛనులోంచే కట్టుకోవచ్చు. నెలంతా పస్తులుండి మొత్తం జమచేస్తే ఎనిమిదేళ్ల నాలుగు నెలల్లో తీరిపోతుంది.

బడిపిల్లలను విహారయాత్రకు తీసుకొస్తారు. గైడు కర్ర చాచి చూపిస్తాడు.

“మేస్టారూ, ఇది దేనికి వాడీవోరు?” అని ఓ కుర్రాడు అడుగుతాడు.

“బతకడానికని శాసనంలో రాసుంది బాబూ. తవ్వకాల్లో మాత్రం ఆధారం దొరకనేదు.”

గైడు ఇంకో మాట కూడా చెప్పాలి. ఎంత రక్షిత కట్టడమైనా ఎండకూ వానకూ అరుగుతుంది. 2014 సెప్టెంబరులో వినియోగ ధరల సూచీ 120 దగ్గర ఉంటే, 2025 నాటికి 195 ప్రాంతానికి చేరింది. అంటే ఆనాటి వెయ్యి ఇవాళ కొనగలిగేది ఆరొందల పైచిలుకు సరుకే. బయటికి అదే ఎత్తు, లోపల మూడో వంతుకు పైగా డొల్ల. మరమ్మతుకు సిమెంటు వాడరాదు, సున్నమూ వాడరాదు. పింఛనుదారుడు చోళ్ల అంబలిలో కాసిని నీళ్లు ఎక్కువ పోసుకుని తానే సర్దుకోవాలి.

తవ్వకాల సంగతి ఆసక్తికరం. అడుగు పొర 1995 నవంబరు 16 నాటిది, అప్పుడు పింఛను లెక్కకు తీసుకునే జీతం పరిమితి 5,000. దాని మీద 2001 నాటి పొర, 6,500. అన్నిటికన్నా పైన 2014 నాటి పొర, 15,000. ఆ తర్వాత మట్టి పడలేదు. ఈ పొరలన్నిటి గుండా ఒక సూత్రం శాసనంలా చెక్కి ఉంటుంది: జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి డెబ్బైతో భాగించు. మిల్లుకు తాళం పడి జీతం రాని రోజులకు చందా ఉండదు, చందా లేని రోజులు సర్వీసులో కలవవు. నెల్లిమర్లలో లాకౌట్ నోటీసు చాలా పాత పరిచయం. గేటుకు తాళం యాజమాన్యం వేసినా, కోత మాత్రం పదేళ్ల తర్వాత ముసలాడి పింఛనులో పడుతుంది.

ఆ సూత్రంతోనే ఇంకో లెక్క. 15,000 పరిమితి మీద 35 ఏళ్లు ఒక్క నెల కూడా తప్పకుండా చందా పడిన అదృష్టవంతుడికి వచ్చేది 7,500. ఇరవై ఏళ్లు దాటినందుకు ఇచ్చే రెండేళ్ల బోనస్ సర్వీసు కలిపినా ఎనిమిది వేలు చేరదు. ఈ పథకంలో కనీసం కోసం చేస్తున్న పోరాటం, గరిష్ఠం ఉన్న చోటు దగ్గరే ఆగుతోంది. పైకప్పు ఇంత కిందికి ఉన్న కట్టడం బౌద్ధ గుహల్లో కూడా కనబడదు.

సందర్శకులకు చూపాల్సిన ఉపాలయం కూడా ఒకటుంది. జాతీయ వృద్ధాప్య పింఛను కింద 60 నుంచి 79 ఏళ్ల పేదవాళ్లకు కేంద్రం ఇచ్చేది నెలకు 200. దాదాపు రెండు దశాబ్దాల నిర్మాణం, వెయ్యి కన్నా ప్రాచీనం, ఇంకా చిన్నది. దాని ముందు రాష్ట్రం తన డబ్బుతో మండపం కట్టబట్టి సరిపోయింది. 2024 జూలై నుంచి వృద్ధులకు ఎన్టీఆర్ భరోసా కింద 4,000 గుమ్మం దగ్గరకే వస్తోంది. ఒకటో తారీకు పొద్దున్నే పక్కింటి అవ్వ నాలుగు వేలు లెక్కపెట్టుకుంటుంటే, మిల్లులో సగం జీవితం అరగదీసిన పెద్దాయన బ్యాంకు లైనులో వెయ్యి కోసం నిలబడతాడు. అవ్వకు నాలుగు వేలు ఎక్కువేం కాదు. పీఎఫ్ నంబరు ఉండడం ఈ దేశంలో ఇంత ఖరీదైన తప్పని ఆయనకు ఎవరూ ముందు చెప్పలేదు, అంతే.

సర్వేక్షణ సంస్థ ఏటా తనిఖీ చేస్తుంది. పీఎఫ్ సంస్థ కూడా చేస్తుంది, కాకపోతే కట్టడాన్ని కాదు, కాపలావాణ్ణి. ఏడాదికోసారి జీవన్ ప్రమాణ్ ధ్రువపత్రం ఇవ్వాలి. గోగునారతో అరిగిపోయిన వేళ్లు యంత్రానికి ఆనకపోతే ఇప్పుడు ముఖం చూపించినా సరిపోతుంది, మంచి సౌకర్యమే. మనిషి బతికున్నాడా అని అడుగుతారు. ఎలా బతుకుతున్నాడన్న గడి ఫారంలో లేదు. 2025 జనవరి నుంచి ఇంకో సౌకర్యం వచ్చింది: దేశంలోని 78 లక్షల మంది పింఛనుదారులు ఏ బ్యాంకులో, ఏ శాఖలోనైనా పింఛను తీసుకోవచ్చు. నెల్లిమర్ల ముసలాయన కావాలంటే ముంబయి వెళ్లి తన వెయ్యి తెచ్చుకోవచ్చు. రైలు టిక్కెట్టు మాత్రం తనదే.

చివరికి లోటు సంగతి. కార్మిక శాఖ జవాబుల్లో ఇటీవలి దాకా చూపిస్తూ వచ్చిన లెక్క 2019 మార్చి 31 నాటి నిధి విలువ. లెక్క కూడా తవ్వి తీసిందే.

ఇక్కడితో హాస్యం చాలు.

పత్రికల ఆదివారం పేజీల్లో రిటైర్మెంటు ప్రణాళిక మీద సలహాలు వస్తుంటాయి: చిన్న వయసులో మొదలుపెట్టండి, నెలనెలా తప్పకుండా దాచండి, మధ్యలో తీయకండి. జూట్ కార్మికులు చేసింది సరిగ్గా అదే. వాళ్ల చేత చట్టమే బలవంతంగా చేయించింది. మిగతా పరిశ్రమల్లో పీఎఫ్ 12 శాతమైతే జూట్, బీడీ, ఇటుక బట్టీల వాళ్లకు 10 శాతమే. అందులోంచి యాజమాన్యం వాటాలో 8.33 పింఛను నిధికి పోతే, కార్మికుడి పీఎఫ్ ఖాతాకు యజమాని వైపు నుంచి మిగిలేది 1.67. ఇవాళ 15,000 జీతం మీద పింఛను నిధికి నెలకు పడేది 1,250. కనీస పింఛను 1,000. ఇవాళ కట్టే నెలవారీ చందా కన్నా కనీస పింఛను తక్కువ! ఏ చిట్‌ఫండ్ వాడైనా ఈ లెక్కతో బొబ్బిలి సంతలో నిలబడితే జనం తన్ని పంపిస్తారు.

1994లో నెల్లిమర్లలో జూట్ కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చచ్చిపోయారు. మరుసటి ఏడు ఈ పింఛను పథకం వచ్చింది. ఆ కార్మికులకు అటూ ఇటూ మగ్గాల దగ్గర నిలబడినవాళ్లు ఇప్పుడు డెబ్బైల్లో ఉన్నారు. చాలామంది లేరు. వాళ్ల భార్యలకు వచ్చే కనీస వితంతు పింఛనూ అదే వెయ్యి. 2014 నుంచి ఇప్పటిదాకా ఎంతమంది ‘పరిశీలనలో ఉంది’ అన్న మాట వింటూ వెళ్లిపోయారో ఆ నిధి లోటులో ఎవరూ లెక్కవేయలేదు. అసలు ఆ లోటు ఎవరు చేశారు? పరిమితిని 15,000 దగ్గర మేకు కొట్టింది కార్మికుడా? ప్రభుత్వ వాటాను 1.16 శాతం దగ్గర బిగించింది కార్మికుడా? జీతం ఎంత, చందా ఎంత, భాగించాల్సింది డెబ్బైతోనా యాభైతోనా, దేన్నీ అతన్ని అడగలేదు. లోటు మాత్రం అతనికి వినిపిస్తున్నారు.

2025 మార్చిలో మాజీ ఎంపీల పింఛను 25,000 నుంచి 31,000కు పెరిగింది, అదీ 2023 ఏప్రిల్ నుంచి బకాయిలతో. అయిదేళ్లు దాటి పనిచేస్తే ప్రతి అదనపు ఏడాదికీ నెలకు ఇంకో 2,500. ధరల సూచీతో ముడిపెట్టి అయిదేళ్లకోసారి సవరించాలని 2018లోనే చట్టం చేసుకున్నారు. ధరలు పెరుగుతాయని వాళ్లకు తెలుసన్నమాట. ఆ పింఛనుకు నిధి లేదు, చందా లేదు, కాబట్టి లోటు రాదు. నేరుగా ఖజానాలోంచి పోతుంది. ఆ ఖజానా నెల్లిమర్ల ముసలాయన కొనే సబ్బుబిళ్ల మీద పన్నుతో కూడా నిండుతోంది.

లోటుందన్న జవాబును రాతపూర్వకంగా సభ ముందుంచి ఊరుకోవడం తేలిక. సంతకం పెట్టిన మంత్రిగారు దాన్ని పట్టుకుని ఒకసారి నెల్లిమర్ల మిల్లు గేటు దగ్గరకొచ్చి, వెయ్యి తీసుకుంటున్నవాళ్ల ముందు గట్టిగా చదవమనండి.