పొద్దు పొదుపు పథకం

బ్రిటన్‌లో విలియం విలెట్ అనే బిల్డరు 1907లో ఓ కరపత్రం వేశాడు. వేసవిలో జనం పొద్దెక్కేదాకా పడుకుని వెలుగంతా దండగ చేస్తున్నారు, గడియారాలు ముందుకు జరపండి అని. అదీ ఒక్కసారి కాదు, ఏప్రిల్‌లో నాలుగు ఆదివారాలు, విడతకు 20 నిమిషాల చొప్పున. వాయిదాల పద్ధతన్నమాట! అయ్యగారికి గోల్ఫ్ పిచ్చి కూడా ఉందిలెండి. పార్లమెంటు ససేమిరా అంది. 1915లో ఆయన పోయాడు. మరుసటి ఏడాది ఏప్రిల్ 30న, యుద్ధంలో బొగ్గు కలిసొస్తుందని జర్మనీ గంట ముందుకు జరిపింది. శత్రువు చేసేసరికి అది మహత్తర ఆలోచన అయిపోయింది! మూడు వారాల్లో బ్రిటనూ ముల్లు తిప్పేసింది.

తిప్పడానికి మూడు వారాలు. మానడానికో? 2021 నుంచి ఆపేద్దామని యూరప్ పార్లమెంటు 2019లోనే ఓటేసింది. ఇక వేసవి పోయాక ముల్లు మళ్లీ వెనక్కి తిప్పొద్దంటూ అమెరికా సెనేట్ 2022లో ఏకగ్రీవంగా బిల్లు పాస్ చేస్తే, అది దిగువ సభలో పడకేసింది. డాలస్ కొడుకులు మాత్రం ఏటా రెండుసార్లు గుంటూరు అమ్మలకు ఫోన్ వేళ మార్చి చెబుతూనే ఉన్నారు.

"సరేరా, సూర్యుడికీ కబురు పెట్టారా?"