జీరో టికెట్ అవ్వ

కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు ఆగే చోట పావుగంట నిలబడితే ఆమె కనబడుతుంది. చేతిలో రెండు సంచులుంటాయి. ఒకటి బట్టలది, దాన్ని ఎవరు మోసినా అభ్యంతరం లేదు. రెండోది మాత్రం చంక దిగదు. ఏముందవ్వా అందులో అంటే, "ఏమున్నయి బిడ్డా, నా షుగరు గోలీలు" అంటుంది. గోలీలు ఉన్న మాట నిజమే. వాటి కింద మురుకులు, మురుకుల కింద పల్లి పట్టీలు, అన్నిటికీ అడుగున పాత గుడ్డలో చుట్టిన బెల్లం ముద్ద. బెల్లానికి పేరుపడ్డ ఊళ్లో పుట్టి, బెల్లం తినొద్దన్న రోగం తెచ్చుకుంది. అందుకని తన వాటా మనుమలకు రాసిచ్చింది.

కొడుకు కామారెడ్డిలో, బిడ్డ ఎల్లారెడ్డిలో. ఇక్కడ ఆమె బాపమ్మ, అక్కడ అమ్మమ్మ. లింగంపేట ప్రాంతంలో ఎక్కడో హోదా మారుతుంది. తగవు రాకుండా పిల్లలందరూ ఉమ్మడిగా అవ్వా అంటారు.

పూర్వం బిడ్డ ఇంటికి పోవాలంటే పండుగో, పురుడో, పంచాయితీయో ఉండాలి. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం వచ్చి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ ఎత్తేశాక, కారణాల అవసరం కూడా ఎత్తిపోయింది. ఎల్లారెడ్డి నుంచి "అవ్వా, నా పన్ను ఊగుతున్నది" అని ఫోనొస్తే చాలు, మధ్యాహ్నానికల్లా అక్కడ దిగుతుంది. పన్ను ఊడేదాకా ఉంటుంది. ఊడిన పన్నును స్లాబు మీదికి సరిగ్గా విసిరారో లేదో దగ్గరుండి చూసుకుని, మర్నాడు బస్సెక్కుతుంది.

ఎందుకింత పంటి పిచ్చి అంటే, సొంత పిల్లల పళ్లు ఆమె చూడలేదు. ముప్పై ఏళ్లు బీడీలు చేసింది. ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు, కత్తెర, దారం. కట్ట కట్ట కలిపి వెయ్యి తేలేదాకా తల ఎత్తే పని లేదు. కొడుకు ఎప్పుడు నడిచాడమ్మా అంటే, "ఎండకాలమే అనుకుంట. ఆకు జల్ది ఆరిపోతుండె" అంటుంది. అదే మనుమడు ఎప్పుడు నడిచాడని అడగండి. వారం, పూట, ఏ చెప్పులేసుకుని నడిచాడు, ఎన్నో అడుగుకు పడ్డాడు, పడి ఏ బూతు తిట్టాడు అన్నీ చెబుతుంది. ఆ బూతు ఎవరు నేర్పారని మాత్రం అడగొద్దు.

ఇప్పుడు చాట లేదు గానీ వేళ్లు ఊరుకోవు. మిగిలిన చపాతీలో చక్కెర చల్లి, బీడీ చుట్టినట్టు చుట్టి, కొసలు లోపలికి మడిచి పిల్లల చేతిలో పెడుతుంది. దానికి పిల్లలు బీడీ చపాతీ అని పేరు పెట్టారు. పొదుపు కోసం తర్వాత చపాతీ అనడం మానేశారు. ఒకరోజు మనుమరాలు బడిలో డబ్బా విప్పి, "టీచర్, మా అవ్వ నాకు రెండు బీడీలు పెట్టింది" అని గర్వంగా చెప్పింది. మర్నాడు కోడలిని బడికి పిలిపించారు. కోడలు తిరిగొచ్చి ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం మూడు రోజులు నడిచింది.

కోడలు చెడ్డది కాదు. కొన్ని నియమాలు పెట్టింది, అంతే. తీపి ఆదివారమే. ఫోను అరగంటే. తొమ్మిదింటికి నిద్ర. అవ్వ ప్రతి నియమానికీ "సరే బిడ్డా" అంటుంది. పెళ్లయిన కొత్తలో తన అత్తతోనూ ఇలాగే సరే అనేదట. అప్పుడూ ఇంతే పాటించేది.

బెల్లం సంగతి చెప్పాలి. వంటింట్లో బెల్లం రోజురోజుకూ తరిగిపోతుంటే కోడలికి అనుమానం వచ్చింది. అవ్వ వెంటనే సాక్ష్యం చెప్పింది: "ఎలుకలు బాగైనయి బిడ్డా ఈ ఇంట్ల. రాత్రంత కిచకిచలే." రాత్రి కిచకిచమన్నది ఎవరో దుప్పటి కింద ఉన్న ముగ్గురికీ తెలుసు. కోడలు బజారుకు పోయి ఎలుక బోను తెచ్చి, లోపల బెల్లం ముక్క గుచ్చి పెట్టింది. తెల్లారి చూస్తే బోను మూతపడలేదు, ఎలుక పడలేదు, బెల్లం ముక్క మాత్రం లేదు. మనుమడి వేలికి పసుపు పట్టీ ఉంది. "బాగ తెలివిగల ఎలుక" అంది అవ్వ, తల ఎత్తకుండా.

మధ్యాహ్నం పూట మనుమరాలు టీచరవుతుంది. చేతిలో స్కేలు, మెడలో అమ్మ చున్నీ. విద్యార్థి ఒకతే, వయసు అరవై పైచిలుకు. పింఛనుకు వేలిముద్ర వేసే చేతితో ఇప్పుడిప్పుడే పేరు రాయడం నేర్చుకుంటోంది. మొదటి పరీక్షలో పదికి మూడొచ్చాయి. "ఇంకొక్కటెయ్యి టీచరమ్మా, నాలుగు చెయ్యి" అని బతిమాలింది. టీచరమ్మ ఒప్పుకోలేదు. పల్లి పట్టీ చూపిస్తే ఆరు వేసింది. అవ్వ ఆ కాగితాన్ని మడిచి ఆధార్ కార్డు కవర్లో దాచుకుంది. బస్సులో కార్డు తీసినప్పుడల్లా అది కూడా బయటికొస్తుంది, పొరపాటున అన్నట్టు.

బదులుగా మనుమడి హోంవర్కు ఆమె చూస్తుంది. "అవ్వా, మన జిల్లా ఎప్పుడయ్యింది?" కామారెడ్డి నిజామాబాదు నుంచి విడిపోయి జిల్లా అయింది 2016 అక్టోబరు 11న. అవ్వకు నెల, తేదీ తెలియవు గానీ ఏడాది నోటికుంది. "నా పింఛనంత" అంది. బీడీ పింఛను నెలకు 2,016 రూపాయలు మరి. వాడు నోటుబుక్కులో "రూ. 2,016" అని రాసుకుపోయాడు. టీచరు ముందున్న 'రూ' కొట్టేసి, కామా కొట్టేసి, రైటు పెట్టింది.

రాత్రికి కథలు. రాజులు, రాక్షసులు ఈ కాలం పిల్లలకు ఆనవు. ఒకరోజు మనుమడే దారి చూపించాడు: "అవ్వా, కామారెడ్డి, ఎల్లారెడ్డి, రామారెడ్డి, మాచారెడ్డి... వీళ్లంత అన్నదమ్ములా?" అవ్వ క్షణం కూడా ఆలోచించలేదు. "మరి? నలుగురు. చిన్నోడు ఇంకోడుండె, నాగిరెడ్డి. అలిగి పోయి పేట కట్టుకున్నడు." నాగిరెడ్డిపేట అలా పుట్టింది. చెల్లె లేదా అని మనుమరాలు గద్దించింది. "ఎందుకు లేదు, బీబీపేట!" పెళ్లి ఎక్కడైంది? దోమకొండ గడిలో. దోమలు కుట్టలేదా? కుట్టినయి, అందుకే ముహూర్తం తెల్లారగట్ల పెట్టిండ్రు. చరిత్రకారులు ఈ పేరా దాటేయవచ్చు. పిల్లలు మాత్రం ఒక్క మాట మారినా ఒప్పుకోరు. మొన్న మాచారెడ్డిని పెద్దవాణ్ణి చేసినందుకు అవ్వతో క్షమాపణ చెప్పించారు.

ఈ అన్నదమ్ముల్లో దొంగ ఒకడున్నాడు, అడ్లూర్ ఎల్లారెడ్డి. సదాశివనగర్ మండలంలో ఉంటాడు, అసలు ఎల్లారెడ్డికీ వాడికీ సంబంధం లేదు. "అవ్వ ఎల్లారెడ్డిల ఉన్నది" అన్న మాట పట్టుకుని ఒక వియ్యపురాలు అక్కడ దిగి, చీరె పెట్టిన సంచితో మూడిళ్లు తిరిగి, మంచినీళ్లు తాగి వాపసు పోయింది. ఆ చీరె కోసం అవ్వ ఇప్పటికీ బాధపడుతుంది.

సెలవులకు పిల్లలందరూ ఒకచోట చేరితే అసలు యుద్ధం మొదలవుతుంది. "మా ఊరికి రైలుంది" అంటారు కామారెడ్డి వాళ్లు. అజంతా, దేవగిరి అని పేర్లు కూడా అప్పజెబుతారు. ఎల్లారెడ్డికి రైలు లేదు. "మాకు పోచారం ఉన్నది. జింకలున్నయి. మీ రైలుకు కొమ్ములున్నయా?" అంటారు వీళ్లు. తీర్పు అవ్వది. ఎవరింట్లో అన్నం తింటుంటే వాళ్ల వైపు చెబుతుంది. 2025 ఆగస్టు చివర్లో కుంభవృష్టికి జిల్లాలో రోడ్లు తెగి, కామారెడ్డి దగ్గర పట్టాల కింద మట్టి కొట్టుకుపోయినప్పుడు ఆమె ఎల్లారెడ్డిలో చిక్కుకుపోయింది. వీడియో కాల్‌లో మనుమడు నీళ్ల గురించి, రోడ్ల గురించి ఏమీ చెప్పలేదు. గొంతు తగ్గించి, "అవ్వా, రైలు బంద్ అయ్యింది. వాళ్లకు చెప్పకు" అన్నాడు. ఆమె చెప్పలేదు.

ఇక బస్సు. అవ్వ, ఎనిమిదేళ్ల మనుమరాలు, ఆరేళ్ల మనుమడు. మొదటి ఇద్దరికీ జీరో టికెట్. మగవాడికి అయిదు దాటితే సగం చార్జీ.

"పోరనికి ఎన్నేండ్లవ్వా?"

"అయిదు నిండలే బిడ్డా."

"నిండినయి! ఆరు గూడ నిండినయి! కేక్ కోసినం గద అవ్వా!" అన్నాడు వాడు, బస్సంతా వినేట్టు.

కొంగుముడి విప్పుతూ వాణ్ణి తిట్టింది. విప్పడం అయ్యాక వెనక సీటామెతో, "అబద్ధం రాదమ్మా మా పోరనికి. వాళ్ల తాత పోలిక" అంది. ఈలోగా మనుమరాలు ఏడుపందుకుంది. క్లాసులో ఎప్పుడూ ఫస్టొచ్చే పిల్ల. తన టికెట్ మీద సున్నా ఉంది, తమ్ముడి దాని మీద అంకెలున్నాయి. "నాకెందుకు సున్నా ఇచ్చిండు?" అవ్వ తన సున్నా కూడా తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది. రెండు సున్నాలైతే ఎక్కువని నచ్చజెప్పేసరికి లింగంపేట వచ్చింది.

ఎల్లారెడ్డి బస్సులో కిటికీ పక్కన మీరు కూర్చుని ఉంటే కొంచెం జరగండి. అవ్వ కోసం కాదు, ఆమె నిలబడి కూడా నిద్రపోగలదు. పిల్లవాడి కోసం. ఆ ముగ్గురిలో డబ్బు పెట్టి టికెట్ కొన్నది వాడొక్కడే.