మేనల్లుని హితబోధకు టీకా తాత్పర్యాలు

మూలము:

కత్తిపట్టుకన్న ఘనము తిట్టిన తిట్టు
తిట్టుకన్న ఘనము తిరుగుమాట
ఓడ నేర్చు వాడె యొడ్డు చేరు తుదకు
మేడ్చలందు నున్న మేనమామ!

అవతారిక: శామీర్‌పేటలో మా అక్క ఇల్లు. ఆదివారం పొద్దున మేడ్చల్ నుంచి బయల్దేరి, చెరువుకట్ట మీద కాసేపు నిలబడి వెళ్లేసరికి, తొమ్మిదో తరగతి మేనల్లుడు లాప్‌టాప్ నా ముందుకు జరిపాడు. సముద్రపు దొంగల ఆట. పేరు 'ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్'. 1990లో లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ వాళ్లు తెచ్చింది కాబట్టి వాడి ఈడుది కాదు, నా ఈడుది. కత్తియుద్ధం అనగానే నేను మౌస్‌ను టకటకా నొక్కి ఏడుసార్లు ఓడాను. ఎనిమిదోసారి వాడు "గట్ల గాదు మామా" అని మొదలుపెట్టి చెప్పిన నాలుగు ముక్కలే పై ఆటవెలది. మాట వాడిది, గణాలూ యతులూ నావి.

కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మనకు పైనున్న మెదక్ జిల్లా కొల్చారం వాడే. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్న మహానుభావుడు. నేను మొదటిదాని వరకు ప్రయత్నిస్తాను.

ప్రతిపదార్థము: కత్తిపట్టుకన్న = కత్తి పట్టే ఒడుపుకంటె; తిట్టిన తిట్టు = ఎదుటివాడి పరువుకు గురిచూసి వదిలిన మాట; ఘనము = గొప్పది; తిట్టుకన్న = అటువంటి తిట్టుకంటె; తిరుగుమాట = తడుముకోకుండా ఇచ్చిన జవాబు; ఘనము = మరీ గొప్పది; ఓడ నేర్చు వాడె = (దీని సంగతి కింద); తుదకు = చివరకు, అనగా అక్క భోజనానికి పిలిచే వేళకు; ఒడ్డు చేరు = గెలుచును; మేడ్చలందు నున్న మేనమామ = సముద్రానికి మూడొందల కిలోమీటర్ల అవతల కాపురముండి ఓడదొంగలతో కయ్యానికి దిగిన ఓ మామా! ఇది సంబోధన. ఎత్తిపొడుపు ధ్వని.

తిట్టు: ఈ ఆటలో కత్తులు వాటంతట అవే ఖణేల్మంటుంటాయి. గెలుపోటములు తేల్చేది మాట. ఒకడు తిడతాడు, రెండోవాడు దానికి సరైన జవాబిస్తే పైచేయి అతనిది, తర్వాతి తిట్టు వంతూ అతనిదే. నోరు పెగలకపోతే ఒక అడుగు వెనక్కి. ఆట కల్పించిన రాన్ గిల్బర్ట్‌కు ఎరల్ ఫ్లిన్ పాత సినిమాలు చూస్తే ఈ ఊహ తట్టిందట. వాటిలో వీరులు కత్తి దూసిన దానికన్నా నోరు చేసుకున్నదే ఎక్కువ. మన కత్తి కాంతారావు జానపదాలు చూసి పెరిగినవాళ్లకు ఇది వింత కాదు. అక్కడా డైలాగు పూర్తయ్యేదాకా ఎవరి తలా తెగదు. తిట్లు రాయడానికి మాత్రం ఆర్సన్ స్కాట్ కార్డ్ అనే పేరున్న నవలాకారుణ్ని పిలిచారు. తిట్టుకు కవి కావాలని వాళ్లకూ తెలిసిందన్నమాట.

తిరుగుమాట: అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం ఉంటుంది. పద్యం సగంలో ఉండగా పృచ్ఛకుడు ఏదో కొంటె ప్రశ్న వేస్తాడు. అవధాని చురక అంటించి మళ్లీ పద్యంలోకి వెళ్లాలి. ఈ దొంగల యుద్ధం అచ్చంగా అదే. ఒక్క తేడా. అవధాని అప్పటికప్పుడు పుట్టించవచ్చు, ఇక్కడ విన్నదే అనాలి. మూడో భాగం 1997లో వచ్చింది. అందులో జవాబుకు ప్రాస కూడా కుదరాలని మేనల్లుడు చెప్పినప్పుడు మాత్రం నాకు కొంచెం గౌరవం కలిగింది.

ఓడ నేర్చు: ఇక్కడ శ్లేష. ఓడ అనగా నావ. దాన్ని నడపడం నేర్చినవాడు ఒడ్డు చేరును, ఇది పైకి కనబడే అర్థం. ఓడన్ అని తుమున్నర్థకంగా తీసుకుంటే, ఓడిపోవడం నేర్చినవాడు. రెండోదే కవిహృదయం. "ఓడి నేర్చు" అని శామీర్‌పేట ప్రతిలో పాఠాంతరం ఉంది కాని, శ్లేష చెడుతుంది గనుక గ్రాహ్యం కాదు.

ఇక్కడ కాస్త ఆగాలి. ఈ ఆటలో తిట్టు ఎలా వస్తుంది? ఎవడో తిడితే వస్తుంది. జవాబు ఎలా వస్తుంది? ఆ తిట్టు తీసుకెళ్లి ఇంకొకణ్ని తిడితే, వాడు దిమ్మ తిరిగే జవాబిస్తే వస్తుంది. వాడికీ జవాబు తెలియకపోతే మనం గెలుస్తాం, కాని మన మూటలో కొత్తది పడదు. కాబట్టి మొదట్లో గెలవడం నష్టం. నేను ఏడుసార్లు ఓడి కూడా ఏమీ నేర్వలేదంటే కారణం చెవి పెట్టకపోవడం.

అన్వయము: చివరి గడి కార్లా. ద్వీపంలో కత్తిసాములో ఆమెను మించినవాళ్లు లేరు. ఆమె తిట్లు ఒక్కటీ మనం విన్నవి కావు. జవాబులు మాత్రం పాతవే పనికొస్తాయి. ఏది దేనికి అతుకుతుందో చూసుకోవడమే విద్య. మేనల్లుడు సొంతంగా అల్లి సాధన చేయించాడు.

"నా కత్తి జూస్తేనే జనం ఏడుస్తరు" అన్నాడు.

"ఉల్లిగడ్డలు కోస్తవేమో" అనాలట నేను. అన్నాను.

"మంచిగుంది. నా చేతుల ఎన్ని తలకాయలు తెగినయో ఎరుకనా?"

నేను నోరు తెరిచి ఉండిపోయాను. వాడు బల్ల మీద చేయి చరిచాడు. "అదే మామా! ఉల్లిగడ్డలు కోస్తవేమో!"

చూడండి, ఉపమానం ఒక్కటే. మొదట సాధారణ ధర్మం కన్నీరు, రెండోసారి గుండ్రదనం. ముప్పయ్యేళ్లు బడిలో అన్వయం చెప్పినవాణ్ని, ఇది పట్టుకున్నాక కార్లాను మూడో విడతలో ఓడించాను. వాడు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

అప్పుడే అక్క గుమ్మంలోకి వచ్చింది. "పొద్దుగాలనుంచి ఇద్దరు కలిసి ఏం జేస్తున్రురా?"

"ఉల్లిగడ్డలు కోస్తున్నమే అమ్మా" అన్నాడు వాడు, విద్య కొత్తగా వచ్చిన ఊపులో.

అక్క మారుమాట్లాడలేదు. లోపలికెళ్లి ఒక పళ్లెం, రెండు కత్తులు, కిలో ఉల్లిగడ్డలు తెచ్చి లాప్‌టాప్ పక్కన పెట్టింది. "సన్నగ కోయుండ్రి" అని వెళ్లిపోయింది.