హెచ్-సూచిక గడికి టీకాతాత్పర్యములు

అవతారిక: మెదకు సీమయందలి కొల్చారమువాడై, కాళిదాసుని కావ్యములకు వ్యాఖ్య రచించిన కోలాచల మల్లినాథసూరి, మూలమున లేనిది వ్రాయననియు, అక్కరలేనిది పలుకననియు ప్రతిన పూనెను. వరంగల్లునుండి ఖమ్మము పోవు బస్సులు నిలుచు మరిపెడ బంగ్లా చెంత కూర్చుండి, ఆ ప్రతినలో మొదటి సగమును మాత్రమే నిర్వహింపగలనని ముందుగనే విన్నవించుకొని, ప్రజారోగ్య పరిశోధకుల యోగ్యతను తేల్చు దరఖాస్తులలో తఱచు కానవచ్చు నొక వాక్యమునకు టీక ఉపక్రమించుచున్నాను.

మూలము: అభ్యర్థి తన ప్రచురణల సంఖ్యను, ఉల్లేఖనలను, హెచ్-సూచికను, పత్రికల ప్రభావాంకమును స్వయముగా నింపవలెను.

ప్రతిపదార్థము: అభ్యర్థి = ఊరూర తిరిగి నీటిని, నెత్తురును, పిల్లల ఎత్తును బరువును కొలిచి, తుదకు తానే కొలవబడుటకు వచ్చినవాడు; తన = తనకును మఱి కొన్నివందల మందికిని చెందిన; ప్రచురణల = అచ్చైన పత్రములయొక్క; సంఖ్యను = గుణము అడుగబడలేదు గనుక సంఖ్యను మాత్రమే; ఉల్లేఖనలను = ఇతరులు చదివియో, చదువకయో, స్నేహముచేతనో, ఖండించుటకో తమ పత్రముల తుదిని పేర్కొనుటలను; హెచ్-సూచికను = క్రింద వివరింపబడును; ప్రభావాంకమును = వ్యాసమునకు గాక అది అచ్చైన పత్రికకు చెందిన అంకెను; స్వయముగా = మఱియెవ్వరికిని తీరిక లేదు గనుక; నింపవలెను = తప్పదు.

తాత్పర్యము: నీ వెంత వ్రాసితివో, నిన్నెందరు తలచిరో చెప్పుమని భావము.

వ్యాఖ్య: ‘తన’ యన్నచోట ఏకవచనమును శంకింపవలసియున్నది. ప్రపంచ రోగభారమును లెక్కగట్టు సియాటిల్ సంస్థవారి పత్రము లాన్సెట్‌లో వెలువడునపుడు కర్తల పేళ్లు వందలకొలది యుండును. ఆ పట్టికలో నొక మూలను చేరినవానికి ఒక్క పత్రముతో సమకూరు ఉల్లేఖనలు, మరిపెడ చుట్టుప్రక్కల తండాలలో ఇల్లిల్లు తిరిగి పసిబిడ్డలను తూచి యొంటరిగా వ్రాసినవానికి జీవితాంతము శ్రమించినను దొరకవు.

హెచ్-సూచికను 2005లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియాగో శాఖలోని భౌతికశాస్త్రజ్ఞుడు హిర్ష్ కల్పించెను. ఇరువది పత్రములకు ఒక్కొక్కదానికి ఇరువదికి తక్కువకాకుండ ఉల్లేఖనలుండి, ఇరువదియొక్క పత్రములకు ఇరువదియొక్కేసి లేనిచో, సూచిక 20. సూత్రము సరళమే, పర్యవసానమే చిత్రము. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, సహపరిశోధకుడు ఫిస్కేతో కూడి 1925లో ప్రకటించిన భాస్వర పరిమాణ నిర్ణయపద్ధతి, అనగా మాలిబ్డేటుతో నీలవర్ణము పుట్టించి దాని గాఢతను బట్టి భాస్వరమును కొలుచు పద్ధతి, జీవరసాయనమున మిక్కిలి ఉల్లేఖింపబడిన పత్రములలో నొకటి. ఆయన ఆ యొక్కటియే వ్రాసి యూరకుండినచో, ఎన్ని వేల ఉల్లేఖనలుండినను సూచిక 1 మాత్రమే యయ్యెడిది.

ఇంతకంటె విశేషము కలదు. లెడర్లీ పరిశోధనాలయమున ఆయన ఆధ్వర్యమున రూపొంది 1947లో వెల్లడియైన డైఇథైల్ కార్బమజీను బోదకాలు జబ్బునకు మందు. బోదకాలు సోకు జిల్లాల పల్లెలలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి వచ్చి, తమ యెదుటనే మింగుమని పట్టుబట్టి యిచ్చు మాత్ర యిదియే. మింగినవా డెవ్వడును సుబ్బారావును ఉల్లేఖింపలేదు; గ్రుక్కెడు నీళ్లు త్రాగి పొలమునకు పోయెను. బస్తాల నెంచి మిర్చి ఘాటును నిర్ణయించుటకు మరిపెడ రైతెవ్వడును ఒప్పుకొనడు, విశ్వవిద్యాలయములు ఒప్పుకొన్నవి.

పొరుగున నున్న నల్లగొండ మాట వేఱు. ఆ జిల్లాలోని ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి 1955లో సిద్దీఖీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసెను. ఫ్లోరైడు సీమలలో ఒకదానికొకటి తగులు మోకాళ్లను గూర్చి 1973లో కృష్ణమాచారి, కృష్ణస్వామి లాన్సెట్‌లో వ్రాసిరి. పటికతోను సున్నముతోను నీటినుండి ఫ్లోరైడును తొలగించు నాగపూరు నీరీ పరిశోధనసంస్థవారి పద్ధతికి ‘నల్లగొండ పద్ధతి’ యనియే పేరు. పరిశోధకులకు గాక ఊళ్లకు హెచ్-సూచిక కట్టు ఆచారమే యున్నచో, తెలుగునాట నల్లగొండకు సాటి రాగల యూరు లేదని నా నమ్మకము. అయితే 1955 నాటి పత్రమునకును, నదీజలము గొట్టములలో ఇంటి ముంగిటికి వచ్చుటకును నడుమ గడచిన యేండ్లను ఏ సూచికయు గణింపదు.

ప్రభావాంకమును గూర్చి సంగ్రహముగా చెప్పుదును. అది పత్రికల కేర్పడిన కొలత. మనుష్యునికి తొడుగుట తరువాతివారి చాతుర్యము. తమ పత్రికల ప్రభావాంకమును గూర్చి తప్పుగా చెప్పుకొనుట మున్నగు నారోపణలపై హైదరాబాదు ఓమిక్స్ ప్రచురణసంస్థను 2016లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోర్టున కీడ్వగా, 2019లో నెవాడా న్యాయస్థానము అయిదుకోట్ల డాలర్లకు మించి చెల్లింపుమని తీర్పు చెప్పెను.

పూర్వపక్షము: అట్లయిన గడిని కొట్టివేయరాదా? పత్రిక యంకెతో పరిశోధకుని తూచరాదని 2012లో శాన్ ఫ్రాన్సిస్కోలో కూడిన సంపాదకులును పలికిరి గదా.

సమాధానము: కొట్టివేసినచోట ఏమి మొలచునో మన దేశమున తెలియనివాడు లేడు. సంఖ్య యెంత మూఢమైనను, నీదే యూరు, నీ వెవరి తాలూకు అని యడుగదు. అంకెలు లేనినాటి సంగతి చూడుడు: ఉల్లేఖనలను ఎంచు గార్ఫీల్డ్ సూచిక 1964లో వెలసినది. సుబ్బారావు 1948లోనే గతించెను. తాను పనిచేసిన హార్వర్డున ఆయనను తూచినది అంకెలు కావు, విద్వాంసులైన పెద్దమనుష్యులే. వారు స్థిరోద్యోగ మీయకపోగా ఆయన 1940లో లెడర్లీకి వెడలిపోయెను. కావున గడిని ఉండనిచ్చి, ఈ పరిశోధనమువలన ఏ యూరిలో ఏమి మారినదను గడి నింకొకదానిని ప్రక్కన చేర్చుట నాకు సమ్మతము. దానిని మాత్రము అభ్యర్థి స్వయముగా నింపరాదు; ఆ యూరి ఆశా కార్యకర్తచే నింపింపవలెను. ఆమె కెట్టి సూచికయు లేదు గనుక పక్షపాతశంకకు తావులేదు. ఆమె తెలుగు వ్రాతను చదువగల సభ్యుడొకడైనను ఎంపికసంఘమున నుండునా యన్నదే శేషించిన సందేహము.